లీ నది దాయాదులు

‘ఊరూ ఆటా’ ధారావాహిక – ఆరో భాగం

కిందటి భాగంలో థర్లెస్ పట్టణంలోని హేస్ హోటల్ దగ్గర ఆగాం. 1884 నవంబరు 1న మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్, మరికొందరు అక్కడ కూడి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌కు పునాది వేశారు. ఐరిష్ జనం నోట్లో అది జి.ఎ.ఎ. ఆ సంఘం చరిత్రను చాలామంది పెద్ద పెద్ద ఫైనళ్ల కథగా, స్వాతంత్ర్య పోరాటంలో ఒక అధ్యాయంగా రాశారు. అది నిజమే కానీ, ఆ సంఘానికి ఊపిరి ఎక్కడుందని నన్నడిగితే పక్కపక్క ఊళ్ల పోరులో ఉందంటాను. అది చూడాలంటే దక్షిణాన ఉన్న కార్క్ నగరానికి వెళ్లాలి.

కార్క్ అర్థం కావాలంటే ముందు లీ నది అర్థం కావాలి. పడమటి నుంచి వచ్చిన ఏరు ఊరి మొగదల్లో రెండు పాయలవుతుంది. నగరం నడిబొడ్డును లంకలాగా చుట్టి, తూర్పున మళ్లీ ఒకటై సముద్రం వైపు సాగిపోతుంది. ఉత్తరపు పాయ దాటితే కొండవాలు, దాని మీద షాండన్ గంటల చర్చి, ఆ వెనక పల్లంలో బ్లాక్‌పూల్ పేట. తోళ్ల పనివాళ్లు, సారా బట్టీల కూలీలు, ఆ తర్వాతి కాలంలో బట్టల మిల్లు కార్మికులు కాపురమున్న చోటు అది. దక్షిణపు పాయ దాటితే ఇంకో లోకం, టోహర్ వైపు పేటలు. తూర్పున నది వెడల్పయ్యే దగ్గర బ్లాక్‌రాక్, ఒకప్పటి బెస్తపల్లె.

ఈ మూడు చోట్లకూ మూడు హర్లింగ్ క్లబ్బులు. బ్లాక్‌పూల్‌కు గ్లెన్ రోవర్స్, దక్షిణపు పేటలకు సెయింట్ ఫిన్‌బార్స్, బెస్తపల్లెకు బ్లాక్‌రాక్. ఊళ్లో ఎవరూ ఇంత పొడుగు పేర్లు పలకరు. గ్లెన్, బార్స్, రాకీస్, అంతే. గ్లెన్ వాళ్లవి ఆకుపచ్చ, నలుపు, బంగారు రంగు చారలు. బార్స్‌ది నీలం. రాకీస్‌ది ఆకుపచ్చా బంగారమూ. కార్క్‌లో పుట్టిన పిల్లవాడికి బడి అక్షరాల కన్నా ముందు ఈ రంగులు వస్తాయి.

ఈ ఆట ఎరుగని పాఠకుల కోసం ఒక్క మాట. హర్లింగ్‌లో జట్టుకు పదిహేను మంది. ఒక్కొక్కరి చేతిలో యాష్ చెట్టు మానుతో చెక్కిన కర్ర, దాని కొస వెడల్పుగా, చదునుగా ఉంటుంది. చిన్న తోలుబంతిని నేల మీదే కాదు, గాలిలో ఉండగానే బాదుతారు. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. బంతి అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే గోలు, మూడు పాయింట్ల విలువ. అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు. స్కోరు 1-17 అని రాశారంటే ఒక గోలు, పదిహేడు పాయింట్లు, మొత్తం ఇరవై. గేలిక్ ఫుట్‌బాల్ కూడా ఆ మైదానంలోనే, ఆ స్తంభాల మధ్యే. చాలా ఊళ్లలో ఆ కుర్రాళ్లే ఒక ఆదివారం కర్రలతో, మరో ఆదివారం కాళ్లతో ఆడతారు.

ఈ పోరుకు మూలం ఒక నిబంధనలో ఉంది. జి.ఎ.ఎ. పుట్టగానే ఆటను పల్లెల్లోకి తీసుకుపోవడానికి తయారుగా ఉన్న ఒక హద్దు దొరికింది. అదే పారిష్, మన తెలుగు కథోలికులు ‘విచారణ’ అనే చర్చి పరిధి. సంఘానికి తొలి పోషకుల్లో ఒకరు కాషెల్ అగ్రపీఠాధిపతి థామస్ క్రోక్. డబ్లిన్‌లోని పెద్ద మైదానం క్రోక్ పార్క్ ఆయన పేరు మీదే. ఒక పారిష్‌కు ఒక క్లబ్బు అన్నది పల్లెల్లో కట్టుబాటయింది. జ్ఞానస్నానం, బడి, పెళ్లి, సమాధి ఏ గీత లోపల జరుగుతాయో ఆటా ఆ గీత లోపలే. నగరాల్లో ఆ గీత అంత బిగుతుగా లేదు. అక్కడ పేట, వీధి, తండ్రి వేసుకున్న జెర్సీ హద్దులయ్యాయి.

ఇందులో డబ్బు లేదు. ఆటగాడికి జీతం లేదు, ఒక క్లబ్బు మరో క్లబ్బు మనిషిని కొనుక్కోవడం లేదు. పుట్టిన చోటే నీ జట్టు. వేరే దేశాల్లో, వేరే ఆటల్లో ప్రత్యర్థి ఈ ఏడు ఉంటాడు, వచ్చే ఏడు ఎక్కువ డబ్బిచ్చే చోటికి వెళ్లిపోతాడు. ఇక్కడ అలా పోడు. పదేళ్లప్పుడు నీ మీద గోలు కొట్టినవాడు ముప్పై ఏళ్లప్పుడూ నీ ఎదురుగానే ఉంటాడు. మధ్యలో నీ చెల్లెలి పెళ్లిలో వాణ్ని పలకరించాల్సి వస్తుంది. సోమవారం పనిలో వాడి పక్కనే నిలబడాలి. అందుకే ఈ పోరుకు ‘శత్రుత్వం’ అనే మాట సరిపోదనుకుంటాను. మన భాషలో దీనికి సరైన మాట దాయాది. పంచుకున్నది ఉంది గనకే తగువుంది.

పాత రోజుల్లో ఈ తగువు విలువ ఇంకా ఎక్కువ. మొదటి జాతీయ పోటీల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టు అంటూ వేరే లేదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ. 1887 సంవత్సరపు తొలి అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ 1888 ఏప్రిల్ 1న, ఈస్టర్ ఆదివారం నాడు బర్ పట్టణంలో జరిగింది. టిప్పరరీ తరఫున దిగింది థర్లెస్ వాళ్లు. గాల్వే తరఫున మీలిక్ వాళ్లు. అప్పుడు జట్టుకు ఇరవై ఒక్క మంది. థర్లెస్ గెలిచింది. పొరుగు క్లబ్బును ఓడించినవాడే కౌంటీకి ముఖం, ఓడినవాడు గట్టు మీద నిలబడి చూడాల్సిందే. 1892లో ఆ పద్ధతిని సడలించారు. గెలిచిన క్లబ్బు ఇతర క్లబ్బుల నుంచి కూడా మనుషుల్ని తీసుకోవచ్చన్నారు. అప్పటికి గానీ నిన్నటి పోటీదారు ఈనాడు భుజం కలిపే రోజు రాలేదు.

అయినా పాత హక్కులో ఒక ముక్క చాలా కాలం మిగిలింది. కార్క్‌లో, కెర్రీలో, మరికొన్ని చోట్ల కౌంటీ ఛాంపియన్ అయిన క్లబ్బే మరుసటి ఏడు కౌంటీ జట్టుకు కెప్టెన్‌ను ఇచ్చేది. అంటే రాకీస్ కప్పు గెలిస్తే, మరుసటి వేసవిలో గ్లెన్ కుర్రాళ్లూ బార్స్ కుర్రాళ్లూ రాకీస్ మనిషి వెనకాల నడవాలి. నా కళ్లకు ఈ ఒక్క ఆనవాయితీలో కార్క్ హర్లింగ్ అంతా కనిపిస్తుంది. పేట గొడవకూ కౌంటీ గౌరవానికీ మధ్య వేసిన ముడి ఇది.

మూడింటిలో ఎవరు పెద్దవాళ్లంటే, బార్స్ తమ పుట్టుకను 1876లో చెప్పుకుంటారు, బ్లాక్‌రాక్ 1883లో. రెండూ జి.ఎ.ఎ. కన్నా పెద్దవి. బ్లాక్‌రాక్ తొలి దశాబ్దాలను ఏలింది. 1929, 1930, 1931 మూడేళ్లూ కౌంటీ కప్పు వాళ్లదే. 1931 అఖిల ఐర్లండ్ ఫైనల్లో కార్క్, కిల్కెన్నీ రెండుసార్లు సమంగా నిలిచి మూడోసారి తలపడితే గానీ తేలలేదు. గెలిచిన కార్క్ జట్టుకు కెప్టెన్ బ్లాక్‌రాక్ మనిషి యూడీ కాగ్లన్. ఆ తర్వాత బెస్తపల్లె ఇరవై అయిదేళ్లు కౌంటీ కప్పు ముఖం చూడలేదు.

కారణం బ్లాక్‌పూల్. 1916లో పుట్టిన గ్లెన్ మూడింటిలో కడగొట్టు బిడ్డ. 1934లో కౌంటీ కప్పు గెలిచింది, 1941 దాకా వదల్లేదు. వరసగా ఎనిమిదేళ్లు! ఆ జట్టు నుంచి వచ్చినవాడే జాక్ లించ్, షాండన్ గంటల నీడలో పుట్టిన కుర్రవాడు. 1941 నుంచి 1946 వరకు ఆరేళ్లలో ఆరు అఖిల ఐర్లండ్ పతకాలు గెలిచాడు, అయిదు హర్లింగ్‌లో, 1945లో ఒకటి ఫుట్‌బాల్లో. ఫుట్‌బాల్ ఆడింది సెయింట్ నికలస్ తరఫున. పేరు వేరైనా గ్లెన్ వాళ్ల తోబుట్టువు క్లబ్బే అది. అతనే తర్వాత దేశ ప్రధానమంత్రి అయ్యాడు, 1966 నుంచి 1973 వరకు ఒకసారి, 1977 నుంచి 1979 వరకు మరోసారి.

1941లో గ్లెన్ జెర్సీ తొడుక్కున్న ఇంకొకడు క్రిస్టీ రింగ్. అతను బ్లాక్‌పూల్‌వాడు కాదు. తూర్పు కార్క్‌లోని క్లోయిన్ పల్లెవాడు. పుట్టిన చోటే నీ జట్టు అన్న నియమానికి ఇది పెద్ద మినహాయింపు, ఆ సంగతికి చివర్లో వస్తాను. రింగ్ ఎనిమిది అఖిల ఐర్లండ్ పతకాలు గెలిచాడు. గ్లెన్ తరఫున పద్నాలుగు కౌంటీ కప్పులు, మొదటిది 1941లో, చివరిది 1967లో. నలభై ఆరేళ్లు దాటినా మైదానంలో ఉన్నాడు. హర్లింగ్‌లో అంతటివాడు లేడన్నది కార్క్ వెలుపల కూడా చాలామంది ఒప్పుకునే మాట. వారమంతా షెల్ కంపెనీ చమురు లారీ నడిపేవాడు, ఆదివారం ఆడేవాడు.

ఇక 1970లు. 1971 నుంచి 1982 వరకు పన్నెండేళ్లు కార్క్ కౌంటీ కప్పు ఈ మూడు పేటలు దాటి పోలేదు. బ్లాక్‌రాక్ అయిదుసార్లు, బార్స్ అయిదుసార్లు, గ్లెన్ రెండుసార్లు. అఖిల ఐర్లండ్ క్లబ్ పోటీ అప్పుడప్పుడే, 1971లో మొదలైంది. 1972 నుంచి 1979 వరకు జరిగిన ఎనిమిది హర్లింగ్ క్లబ్ ఫైనళ్లలో ఏడు ఈ మూడు క్లబ్బులే గెలిచాయి. తప్పిపోయిన ఒక్కటి 1976. ఆ ఏడు కిల్కెన్నీ నగరపు జేమ్స్ స్టీఫెన్స్ జట్టు బ్లాక్‌రాక్‌ను ఓడించింది. అంటే ఆ రోజుల్లో ఐర్లండ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని దేశాన్ని గెలవడం కాదు, లీ నది దాటి పక్కపేటను గెలవడం.

1977 సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఆ ఏడు గ్లెన్ అఖిల ఐర్లండ్ క్లబ్ ఛాంపియన్. జూన్‌లో జరిగిన ఎన్నికల్లో జాక్ లించ్ మళ్లీ ప్రధాని అయ్యాడు. సెప్టెంబరులో కార్క్ జట్టు వెక్స్‌ఫర్డ్‌ను 1-17 – 3-8 స్కోరుతో ఓడించి జాతీయ కప్పు ఎత్తింది. కెప్టెన్ గ్లెన్ మనిషి మార్టిన్ ఓడొహర్టీ. జట్టును ఎంచిన పెద్దల్లో క్రిస్టీ రింగ్ ఒకడు. బ్లాక్‌పూల్ సందుల్లో ఆ వేసవి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ప్రధాని మనవాడు, కెప్టెన్ మనవాడు, ఆటకు దేవుడిలాంటివాడు మనవాడు.

ఆ ఏడే కౌంటీ ఫైనల్లో గ్లెన్ ఎదురుగా బార్స్. నది దక్షిణపు ఒడ్డున, ఏడాది కిందటే తెరిచిన కొత్త మైదానం పార్క్ ఇ క్వీవ్‌లో ఆట. చూడటానికి వచ్చినవాళ్లు 34 వేలకు పైచిలుకు. ఇది దేశపు ఫైనల్ కాదు, రెండు పేటల మధ్య ఆట. నదికి అటున్న సగం, ఇటున్న సగం ఒక్కచోట కూర్చున్నట్టే. బార్స్ 1-17 కొడితే గ్లెన్ 1-5 దగ్గరే ఆగిపోయింది. గోలు చెరొకటి, తేడా అంతా పాయింట్లలోనే. అలా ఓడిన రోజు గోలీ పొరపాటు మీద నెపం పెట్టడానికీ వీల్లేదు, అదృష్టాన్ని తిట్టడానికీ వీల్లేదు.

ఇప్పుడు ఆనవాయితీ ముడి చూడండి. 1975లో కౌంటీ కప్పు బ్లాక్‌రాక్‌ది, కాబట్టి 1976లో కార్క్ కెప్టెన్ రే కమిన్స్. 1976లో కప్పు గ్లెన్‌ది, 1977లో కెప్టెన్ ఓడొహర్టీ. 1977లో కప్పు బార్స్‌ది, 1978లో కెప్టెన్ చార్లీ మెకార్తీ. ఆ మూడేళ్లూ అఖిల ఐర్లండ్ కప్పు కార్క్‌దే. మూడు దాయాది క్లబ్బుల నుంచి ముగ్గురు కెప్టెన్లు, వరసగా మూడు కప్పులు. ఒకరి వెనక ఒకరు నడిచారు. 1977 కౌంటీ ఫైనల్లో కర్రలు తగిలిన చేతులే 1978లో కిల్కెన్నీ మీద కలిసి పని చేశాయి, 1-15కు 2-8. పక్కపేటతో ప్రతి ఏడూ అంత కాక మీద ఆడినవాళ్లకు జాతీయ ఫైనల్ కొత్త కష్టం కాదు. ఆ మూడు కప్పుల రహస్యం శిక్షణలో కన్నా ఇందులోనే ఎక్కువ ఉందని నా నమ్మకం.

ఇదే కథకు ఒక వంకర మలుపు కూడా ఉంది. బ్లాక్‌రాక్ ఆటగాళ్లలో ఫ్రాంక్ కమిన్స్ అనే పోలీసు ఉద్యోగి ఉండేవాడు. కార్క్‌లో కొలువు కాబట్టి క్లబ్ ఆట రాకీస్‌తో. పుట్టింది కిల్కెన్నీ కౌంటీ నాక్‌టోఫర్‌లో కాబట్టి కౌంటీ ఆట కిల్కెన్నీతో. 1978 ఫైనల్లో అతను కార్క్‌కు ఎదురు నిలబడ్డాడు, అంటే తన క్లబ్ సహచరులకే ఎదురు. ఆ మరుసటి ఏడు క్లబ్ ఫైనల్లో బ్లాక్‌రాక్ ఓడించింది బ్యాలీహేల్ షామ్‌రాక్స్‌ను, అంటే అతని సొంత ఊరి క్లబ్బును. ఆట 5-7కు 5-5తో ముగిసింది, రెండే పాయింట్ల తేడా.

ఆ షామ్‌రాక్స్ పుట్టుక చెప్పకుండా ముందుకు పోలేను. 1972 వరకు ఆ చిన్న పారిష్‌లో నాక్‌టోఫర్, బ్యాలీహేల్, నాక్‌మోయిలన్ విడివిడిగా ఆడుకునేవి. ఆ ఏడు పాత తగువులు పక్కన పెట్టి ఒక్కటయ్యాయి. 1981లో తొలి అఖిల ఐర్లండ్ క్లబ్ కప్పు గెలిచాయి, 2023 నాటికి తొమ్మిది. ఇంకే క్లబ్బూ ఆ లెక్క దరిదాపుల్లో లేదు. దాయాదులు కలిస్తే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు. అయితే లీ ఒడ్డున ఎవరూ కలవలేదు, కలవాలని కోరుకోనూ లేదు.

ఫుట్‌బాల్ రాజ్యమైన కెర్రీలోనూ ఇదే ముడి. కిల్లార్నీ పట్టణంలో డాక్టర్ క్రోక్స్, లీజియన్ అని రెండు పొరుగు క్లబ్బులు. 2013లో కౌంటీ కప్పు క్రోక్స్‌ది కాబట్టి 2014లో కెర్రీ గెలిచిన జాతీయ కప్పును క్రోక్స్ మనుషులు కీరన్ ఓలియరీ, ఫియన్ ఫిట్జెరల్డ్ కలిసి ఎత్తారు. ఆ ఏటి మేటి ఫుట్‌బాల్ ఆటగాడి బహుమతి మాత్రం లీజియన్ కుర్రాడు జేమ్స్ ఓడొనహ్యూకు వెళ్లింది. ఒకే పట్టణం, రెండు వీధుల్లో రెండు సంబరాలు.

కార్క్‌కు తిరిగి వస్తే, కౌంటీ జెర్సీ ఎరుపు. నీలం కాదు, గ్లెన్ చారలు కావు, రాకీస్ రంగులూ కావు. 1919 వరకు కార్క్ తొడిగింది నీలి జెర్సీ, దాని మీద కాషాయ వర్ణపు అక్షరం. స్వాతంత్ర్య యుద్ధం మొదలైన ఆ ఏడు బ్రిటిష్ బలగాలు కౌంటీ బోర్డు కార్యాలయం మీద దాడి చేసి జెర్సీలు ఎత్తుకుపోయాయి. ఆటకు గుడ్డ లేదు. ఫాదర్ ఓలియరీ పేరు మీద నడిచిన మద్యపాన వ్యతిరేక సంఘం జట్టు ఒకటి అప్పటికే మూతపడింది, వాళ్ల ఎర్ర జెర్సీలు మిగిలున్నాయి. వాటిని అడిగి తెచ్చుకున్నారు. 1903 తర్వాత జాతీయ హర్లింగ్ కప్పు లేని కార్క్ ఆ ఎర్ర చొక్కాల్లో గెలిచింది. ఇక మార్చలేదు. పేటలు మూడూ కౌంటీ కోసం ఒక్కటయ్యే రంగు అలా దొరికింది.

కౌంటీ కప్పు పేరులోనూ చూడవలసిన సంగతి ఉంది. అది షాన్ ఓగ్ మర్ఫీ కప్పు. ఆ మర్ఫీ బ్లాక్‌రాక్ ఆటగాడు, 1926లో కార్క్‌కు కెప్టెన్, తర్వాత చాలా ఏళ్లు కౌంటీ బోర్డు కార్యదర్శి. గ్లెన్ గెలిచినా బార్స్ గెలిచినా చేతుల్లో ఎత్తి చూపేది రాకీస్ పెద్దమనిషి పేరే.

1983లో మిడిల్టన్ ఫైనల్లో బార్స్‌ను ఓడించి ఆ పన్నెండేళ్ల కోటను పగలగొట్టింది. తర్వాత పల్లెల, చిన్న పట్టణాల జట్లు వరసగా ముందుకొచ్చాయి. 1989 తర్వాత గ్లెన్‌కు 2015 దాకా కప్పు లేదు. ఇరవై ఆరేళ్లు! ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయి, తమ పిల్లల్ని ఎత్తుకుని మైదానానికి వచ్చారు. బార్స్ 1993 తర్వాత 2022 దాకా ఎదురుచూశారు, అప్పుడు ఫైనల్లో ఓడించింది బ్లాక్‌రాక్‌నే. బ్లాక్‌రాక్ అంతకు ముందు 2020లో గ్లెన్‌ను అదనపు సమయంలో ఓడించి పద్దెనిమిదేళ్ల కరువు తీర్చుకుంది. కరోనా రోజులవి. గ్యాలరీలు దాదాపు ఖాళీ. దేశమంతటా గెలిచిన ఊళ్లలో జనం వీధుల్లో గుమిగూడటంతో, ఆ ఫైనల్ మర్నాడే జి.ఎ.ఎ. క్లబ్ ఆటలన్నీ ఆపేసింది. పాత దాయాదులు మళ్లీ ఒకరికొకరు ఎదురయ్యాక ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు!

ఇక క్లోయిన్ సంగతి. క్రిస్టీ రింగ్ 1979 మార్చి 2న చనిపోయాడు, యాభై ఎనిమిదేళ్ల వయసులో. దేహాన్ని గ్లెన్ వాళ్ల బ్లాక్‌పూల్‌లో కాదు, తూర్పుకు తీసుకెళ్లి క్లోయిన్‌లో పాతిపెట్టారు. దారి పొడవునా వేలమంది నిలబడ్డారు. సమాధి దగ్గర మాట్లాడింది పాత గ్లెన్ సహచరుడు, అప్పటి ప్రధాని జాక్ లించ్. జీవితమంతా బ్లాక్‌పూల్ చారలు తొడిగినవాడు చివరికి పుట్టిన పారిష్ గీత లోపలికే వచ్చాడు.

రింగ్ వేరే పేటకు పద్నాలుగు కౌంటీ కప్పులు సంపాదించి పెట్టాడు. ఆ కప్పు మటుకు క్లోయిన్‌కు ఒక్కసారీ రాలేదు. 2004లో ఆ చిన్న పల్లె ఫైనల్‌కు చేరింది, ఓడింది. 2005లో మళ్లీ చేరింది, మళ్లీ ఓడింది. 2006లో మూడోసారి చేరింది. ఓడింది. ఊళ్లో రింగ్ విగ్రహం ఉంది, చేతిలో కర్రతో.

(సశేషం. వచ్చే భాగం: సరిహద్దు పట్టణం క్రాస్‌మాగ్లెన్, సైన్యం శిబిరం వేసిన మైదానం)